ముత్తాత గెటిస్‌బర్గ్‌లో చనిపోతే ఆ బ్యాడ్జి ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో స్థిరపడ్డాను. మావారిది ఐరిష్ మూలాలున్న కుటుంబం. మా అత్తగారికి 84 ఏళ్లు. వాళ్ల తాతగారు 1861లో ఇక్కడే పుట్టి, బొగ్గు గనుల్లో పనిచేశారు. ఆ తాతగారి నాన్న ఐర్లండ్ నుంచి వచ్చి, అమెరికా అంతర్యుద్ధంలో ఐరిష్ బ్రిగేడ్‌లో చేరి, గెటిస్‌బర్గ్ యుద్ధంలో చనిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. న్యూయార్క్‌లో వలసదారులు దిగే కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌లో దిగాడట. ఐర్లండ్‌లో కార్క్ మనిషట. ఆయన పోయాక భార్య బట్టలు ఉతికి పిల్లల్ని పెంచిందట. ఆయన మెడల్ అత్తగారి దగ్గర ఉంది, ఫొటో పంపుతున్నాను. వచ్చే వేసవిలో ఆవిడని ఐర్లండ్ తీసుకెళ్లి ఆయన ఊరు చూపించాలని ఉంది. నెట్‌లో వెతికితే అదే పేరుతో వందమంది సైనికులు కనిపిస్తున్నారు, తల తిరుగుతోంది. డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే ఊరు తెలుస్తుందా? లేకపోతే ఏదైనా ఏజెన్సీకి డబ్బు కట్టేయమంటారా?
(పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందు ఆ ఫొటో సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో మిగతావన్నీ విన్న మాటలు. చేతికి దొరికిన వస్తువు అదొక్కటే.

జెండా రంగుల రిబ్బను, దాని పైన ఫిరంగుల మీద వాలిన గద్ద, కింద అయిదు మొనల కంచు నక్షత్రం. ఇది యుద్ధంలో ధైర్యానికి ప్రభుత్వం ఇచ్చిన పతకం కాదు. గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అని ఉత్తరాది మాజీ సైనికుల సంఘం ఒకటి ఉండేది, ఆ సంఘం సభ్యులు పెట్టుకునే బ్యాడ్జి. చూడటానికి అచ్చం అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌లా ఉంటుంది కాబట్టి చాలా ఇళ్లలో పొరబడతారు. మీ అత్తగారికి చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పండి.

అసలు విషయం అది కాదు. ఆ సంఘం పుట్టింది 1866లో, అంటే యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. యూనియన్, అంటే ఉత్తరాది, సైన్యంలో పనిచేసి, గౌరవంగా డిశ్చార్జి అయినవాళ్లకే అందులో సభ్యత్వం. 1863 జులైలో గెటిస్‌బర్గ్‌లో ప్రాణం వదిలిన మనిషి చేతికి ఆ బ్యాడ్జి వచ్చే దారే లేదు. కాబట్టి మీ ఇంటి కథలో ఏదో ఒకటి తప్పు. ఆయన యుద్ధంలో చనిపోలేదన్నా అయి ఉండాలి, ఆ బ్యాడ్జి ఆయనది కాదన్నా అయి ఉండాలి.

నా అనుమానం రెండోదాని మీద. పాతికేళ్లకో ముప్ఫైకో భర్త పోయి, చంటిపిల్లలతో మిగిలిన ఆడమనిషి ఆ గనుల ఊళ్లో మళ్లీ పెళ్లి చేసుకోవడం చాలా మామూలు. ఆ రెండో ఆయన కూడా మాజీ సైనికుడే అయి ఉండటం ఇంకా మామూలు, ఎందుకంటే ఆ వయసు మగవాళ్లలో చాలామంది సైన్యానికి వెళ్లొచ్చినవాళ్లే. పెంచిన తండ్రి బ్యాడ్జి పిల్లల దగ్గర మిగిలింది, కన్న తండ్రి కథ పిల్లల నోట్లో మిగిలింది. రెండు తరాలు గడిచేసరికి ఇద్దరూ కలిసి ఒక్క మనిషయ్యారు. ఇది ఊహే. కానీ దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు, అదీ ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

దానికంటే ముందు మిగతా మాటల్ని కాస్త దులపాలి. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892 జనవరిలో. మీ ముత్తాతగారి కొడుకు 1861లో అమెరికాలో పుట్టాడంటే ఈయన అంతకుముందే వచ్చేశాడు. న్యూయార్క్‌లో దిగి ఉంటే, 1855 ఆగస్టు తర్వాతైతే కాజిల్ గార్డెన్ అనే కేంద్రంలో. అంతకుముందైతే అలాంటి కేంద్రమే లేదు, ఓడ దిగి రేవులోంచి నడిచిపోవడమే. ఇక అప్పటి ఓడల జాబితాల కోసం నిద్ర మానుకోకండి. 1820 నుంచి జాబితాలు ఉన్నాయి గానీ ఊరు ఉండాల్సిన చోట చాలావాటిలో "ఐర్లండ్" అన్న ఒక్క మాటే ఉంటుంది. అదే పేరు, అదే వయసు ఉన్నవాళ్లు పదిమంది దొరుకుతారు. వాళ్లలో మీవాడెవరో చెప్పే గుర్తు మాత్రం ఉండదు. ఈ పని మొదలుపెట్టినవాళ్లు అలిసిపోయి మానేసేది సాధారణంగా ఇక్కడే.

ఐరిష్ బ్రిగేడ్ సంగతి. ఐర్లండ్‌లో పుట్టి యూనియన్ పక్షాన పోరాడినవాళ్లు దాదాపు లక్షన్నర మంది. థామస్ ఫ్రాన్సిస్ మేహర్ కూడగట్టిన ఆ బ్రిగేడ్‌లో 63, 69, 88 న్యూయార్క్ రెజిమెంట్లు, తర్వాత చేరిన 28వ మసాచుసెట్స్, 116వ పెన్సిల్వేనియా ఉండేవి. ఏ ఒక్క సమయంలో చూసినా అన్నీ కలిపి కొన్ని వేల మందే. ఆంటీటమ్‌లో, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో నలిగి నలిగి గెటిస్‌బర్గ్ నాటికి ఐదారు వందలకు దిగింది. అంటే ఐరిష్ సైనికుల్లో అత్యధికులు మామూలు రెజిమెంట్లలోనే, జర్మన్ల పక్కన, స్థానికుల పక్కన నిలబడి పోరాడారు. కానీ పేరు మోసింది బ్రిగేడ్ కాబట్టి ప్రతి ఐరిష్ ఇంటి ముత్తాతా ఇప్పుడు అందులోనే ఉన్నాడు. మన ఊళ్లలో ప్రతి పాత ఇంటికీ ఏదో ఒక రాజుగారి ఆస్థానంతో చుట్టరికం ఉన్నట్టే.

మీవాళ్లు ఉన్నది స్క్రాంటన్ కాబట్టి నేనైతే ముందు ఆ చుట్టుపక్కల కట్టిన రెజిమెంట్లు చూస్తాను. ఉదాహరణకు 143వ పెన్సిల్వేనియా. లుజర్న్ కౌంటీలో, విల్క్స్-బారీ దగ్గర కట్టింది. గెటిస్‌బర్గ్‌లో మొదటి రోజే దెబ్బతిన్నది. గెటిస్‌బర్గ్ నిజమై, బ్రిగేడ్ అబద్ధమయ్యే అవకాశం ఉందన్నమాట. ఇంకొక సంగతి. స్క్రాంటన్ ఉన్న లాకవానా కౌంటీ ఏర్పడింది 1878లో. అంతకుముందు అదంతా లుజర్న్ కౌంటీ. 1860ల కాగితాలు స్క్రాంటన్ కోర్టులో లేవని ఎవరైనా చెబితే నీరసపడకండి, విల్క్స్-బారీలో అడగండి.

కార్క్ గురించి కూడా గట్టిగా నమ్మకండి. కార్క్ రేవు ఆ కాలంలో వలస ఓడలకు పెద్ద కేంద్రం. క్వీన్స్‌టౌన్ అనేవారు, ఇప్పుడు కోవ్. "నాన్న కార్క్ నుంచి వచ్చాడు" అంటే అక్కడ ఓడ ఎక్కాడనే కావచ్చు. స్క్రాంటన్ ఐరిష్ కుటుంబాల్లో మేయో కౌంటీవాళ్లు చాలామంది. మాజీ అధ్యక్షుడు జో బైడెన్ తల్లి వైపు బ్లూయిట్ కుటుంబం మేయోలోని బల్లీనా నుంచే వచ్చింది. ఆ బల్లీనా, మీ స్క్రాంటన్ ఇప్పుడు సోదర నగరాలు కూడా. మీవాళ్లూ మేయోవాళ్లేనని నేను అనడం లేదు. కార్క్ అనుకుని కళ్లు మూసుకుని టికెట్లు బుక్ చేస్తే, ఊరు ఐర్లండ్‌కి ఆ చివర తేలవచ్చు, అంతే.

ఇక పని. ఐర్లండ్ నుంచి మొదలుపెట్టకూడదు, సైనికుడి నుంచీ మొదలుపెట్టకూడదు. తాతగారి నుంచి మొదలుపెట్టాలి. 1861లో పుట్టిన ఆయన 1906 తర్వాత పెన్సిల్వేనియాలోనే చనిపోయి ఉంటే రాష్ట్ర ప్రభుత్వ మరణ ధ్రువపత్రం ఉంటుంది. రాష్ట్రమంతటా మరణాల నమోదు మొదలైంది ఆ ఏడే. అందులో తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, వాళ్లు పుట్టిన దేశం రాయడానికి గళ్లు ఉంటాయి. చెప్పింది కొడుకో కోడలో కాబట్టి తప్పులూ ఉంటాయి. అయినా తల్లి పుట్టింటి పేరు దొరికిందంటే ఆ వందమందిలో తొంభై మందిని పక్కన పెట్టొచ్చు. ఆ పేరు పట్టుకోండి, మగవాడి పేరు కంటే అది విలువైనది.

తర్వాత 1880 సెన్సస్. ఇంటి పెద్దకి ఎవరు ఏమవుతారో రాసిన మొదటి అమెరికన్ సెన్సస్ అది. అప్పటికి తాతగారికి పద్దెనిమిదో పంతొమ్మిదో. ఇంట్లోనే ఉండి ఉంటే, ఇంటి పెద్దగా వేరే ఇంటిపేరున్న మగవాడు ఉండి, ఈయన పేరు పక్కన "సవతి కొడుకు" అని ఉందేమో చూడండి. ఉంటే బ్యాడ్జి ఎవరిదో సగం తేలినట్టే. 1870 సెన్సస్‌లో బంధుత్వం రాయలేదు. పైగా లెక్క రాసుకునేవాడు పిల్లలందరికీ ఇంటి పెద్ద ఇంటిపేరే తగిలించేస్తాడు. అందుకే అసలు ఇంటిపేరుతో వెతికితే పిల్లాడు దొరకడు. అప్పుడు ఇంటిపేరు వదిలేసి, పిల్లల పేర్లు, వయసులు, ఊరు మాత్రమే వేసి వెతకండి.

1890 సెన్సస్ దాదాపు మొత్తం పోయింది. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో చాలా భాగం పాడైంది. కానీ ఆ ఏడే మాజీ సైనికులకి, వాళ్ల వితంతువులకి వేరే జాబితా తీశారు. అక్షర క్రమంలో కెంటకీ సగం నుంచి వయోమింగ్ దాకా ఉన్న రాష్ట్రాల జాబితాలు బతికాయి, పెన్సిల్వేనియా అందులో ఉంది. స్క్రాంటన్ పేజీలు తీసి మీ ముత్తవ్వగారిని వెతకండి. వితంతువైతే ఫలానావాడి భార్య అని ఆయన పేరు, రెజిమెంటు, కంపెనీ, చేరిన తేదీ ఉంటాయి. రెండో భర్త బతికి ఉంటే ఆయన పేరు ఉంటుంది. కొన్నిచోట్ల మళ్లీ పెళ్లి చేసుకున్న భార్య మొదటి భర్త సేవ కూడా రాసి కనిపిస్తుంది.

సెన్సస్‌లు, ఆ 1890 జాబితా ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతాతో దొరుకుతాయి. యాన్‌సెస్ట్రీ, ఫోల్డ్‌త్రీ అనే సైట్లు డబ్బు కట్టాల్సినవే గానీ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో అక్కడే కూర్చుని ఊరికే చూసుకోవచ్చు. మీ లైబ్రరీలో అడగండి. ట్రయల్ కోసం కార్డు నంబరు ఇచ్చి, తర్వాత రద్దు చేయడం మర్చిపోయే టెన్షన్ ఎందుకు.

పేరు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. చదువురాని మనిషి పేరు చెబితే క్లర్కు తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకునేవాడు. మీ ఇంటిపేరు ఇప్పుడు ఎలా రాస్తున్నారో అప్పుడూ అలాగే రాశారనుకోవద్దు. ముందు "ఓ" ఉండొచ్చు, పోవచ్చు. డోనహ్యూ అయితే మధ్యలో "ఏ"యా "ఓ"వా, "జి" ఉందా లేదా అని నాలుగైదు రకాలు వేసి చూడాలి. బర్న్ అన్న పేరు బర్న్స్‌గా, మేహర్ అన్నది ఇంకోలా మారి కనిపిస్తాయి. వయసుల మీదా అంత నమ్మకం పనికిరాదు. చేరడానికి పదహారేళ్లవాడు పద్దెనిమిది అన్నాడు, యాభై దాటినవాడు నలభై నాలుగు అన్నాడు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. పింఛను ఫైలు.

సైనికుడి సేవా రికార్డు కంటే ముందు పింఛను ఫైలే తెప్పించుకోమని నేను ఎప్పుడూ చెబుతాను. రెండింటిలో ఖరీదైనది అదే, అయినా సరే. కారణం సులువైనది. సైన్యానికి మనిషి ఎత్తు, కళ్ల రంగు, హాజరు చాలు. పింఛను ఆఫీసుకి మాత్రం భార్య తాను భార్యనని రుజువు చేయాలి. 1862 జులై 14న వచ్చిన చట్టం ప్రకారం, సేవలో గాయం వల్లో జబ్బు వల్లో చనిపోయిన సైనికుడి భార్యకి, పదహారేళ్లలోపు పిల్లలకి, ఆధారపడిన తల్లికి పింఛను. మామూలు సిపాయి భార్యకి నెలకి 8 డాలర్లు. 1866 నుంచి పిల్లాడికి మరో 2 డాలర్లు. ఆ 8 డాలర్ల కోసం ఆమె ఎన్ని కాగితాలు తేవాలో చూడండి. ఏ చర్చిలో, ఏ తేదీన, ఏ ఫాదర్ పెళ్లి చేశాడు. పిల్లలు ఎప్పుడు పుట్టారు, ఎక్కడ బాప్టిజం ఇచ్చారు. ప్రసవానికి ఎవరొచ్చారు. భర్త ఎలా పోయాడో చూసిన తోటి సిపాయిల వాంగ్మూలం. ఆమెకి వేరే ఆధారం లేదని ఇరుగుపొరుగు ఇద్దరి సాక్ష్యం. సంతకం రాకపోతే ఇంటూ మార్కు, దాని పక్కన సాక్షుల పేర్లు.

పెళ్లి ఐర్లండ్‌లోనే అయి ఉంటే పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) పేరు ఇక్కడే బయటపడుతుంది. అమెరికాలో అయితే సాక్షుల్ని చూడండి. "ఈమెని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును" అని ఎవరైనా చెప్పారా? అలా చెప్పినవాళ్లు పుట్టిన ఊరివాళ్లు. మీ ముత్తాతగారి ఊరు ఎక్కడా దొరక్కపోయినా ఆ సాక్షి ఊరు దొరకవచ్చు. ఆ కాలంలో వలస వచ్చినవాళ్లు ఊరు ఊరంతా ఒకే వీధికి చేరారు.

పింఛను ఫైళ్లలో మరో నిధి ఉంది. కొడుకు పోయిన తల్లులు, తమని పోషించింది వాడేనని రుజువు చేయడానికి వాడు డబ్బు పంపుతూ రాసిన ఉత్తరాల్నే జతచేశారు. ఆ ఉత్తరాలు తిరిగి ఇవ్వలేదు, ఇప్పటికీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఐర్లండ్‌లో ఉండిపోయిన తల్లులు కూడా దరఖాస్తు చేసుకున్నారు. మీ ముత్తాతగారికి భార్య ఉంది కాబట్టి తల్లి దరఖాస్తు ఉండకపోవచ్చు, కానీ పెళ్లికాని తమ్ముడెవరైనా సైన్యంలో పోయి ఉంటే ఆ ఫైలు కూడా మీ కుటుంబానిదే.

మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతు పింఛను ఆగిపోతుంది. అప్పుడు గార్డియన్ పేరు మీద పిల్లల పింఛను మొదలవుతుంది, పదహారు నిండేదాకా. అందుకని ఇండెక్సులో భార్య పేరుతో ఆగకండి, మైనర్ల దరఖాస్తు ఉందేమో చూడండి. ఆ వరసలో గార్డియన్‌గా ఎవరు నిలబడ్డారో కూడా తెలుస్తుంది. చాలాసార్లు మేనమామ, లేదా ఆ సవతి తండ్రే. పింఛను వచ్చినా సరిపోక, పదేళ్లకే పిల్లల్ని బొగ్గులో రాళ్లు ఏరే పనికి పంపిన తల్లులు మీ ఊళ్లో లెక్కలేనంతమంది. తాతగారు గనిలోకి ఎందుకు వెళ్లారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక నా అనుమానం నిజమై రెండో భర్త కూడా సైనికుడే అయితే, ఆయన ఫైలు తప్పనిసరిగా తెప్పించండి. 1898లో పింఛను బ్యూరో ప్రతి పింఛనుదారుకీ ఒక ప్రశ్నపత్రం పంపింది. భార్య పుట్టింటి పేరు, పెళ్లి ఎక్కడ, ఎవరు చేశారు, అంతకుముందు పెళ్లయిందా, బతికున్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. ఆయన పోయాక ఆవిడ వితంతు పింఛను అడిగితే, తన మొదటి పెళ్లి సంగతి, మొదటి భర్త ఎప్పుడు ఎక్కడ పోయాడన్నదీ ప్రమాణం చేసి చెప్పాల్సిందే. మీ ముత్తాతగారి మరణం గురించి అత్యంత స్పష్టమైన మాట ఇంకో మగవాడి ఫైలులో దొరికే అవకాశం ఉందంటే అందుకే.

దొరకబుచ్చుకునే పద్ధతి ఇది. 1861–1934 పింఛను ఇండెక్సు కార్డులు నెట్‌లో ఉన్నాయి. ఒకటి పేర్ల వారీగా, ఇంకొకటి రెజిమెంట్ల వారీగా. కార్డు మీద సైనికుడి పేరు, రెజిమెంటు, భార్యది లేదా మైనరుది పేరు, దరఖాస్తు నంబరు, సర్టిఫికెట్ నంబరు, ఏ రాష్ట్రం నుంచి పెట్టారో ఉంటాయి. మారుపేరుతో చేరి ఉంటే అది కూడా. ఇందాక అన్న వందమందిలో భార్య పేరు, రాష్ట్రం సరిపోయేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఆ నంబర్లతో వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌కి ఆన్‌లైన్‌లోనే ఆర్డర్ పెట్టండి. ముందు ఫోల్డ్‌త్రీలో చూడండి, వితంతువుల ఫైళ్లలో కొన్నింటిని అక్కడ ఇప్పటికే స్కాన్ చేసి పెట్టారు. ఆర్డర్ పెడితే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేసవి ప్రయాణం అనుకుంటే ఆర్డర్ ఈ నెలలోనే వెళ్లాలి.

సేవా రికార్డు కూడా తెప్పించుకోండి, తర్వాత. దానికంటే ముందు పెన్సిల్వేనియా స్టేట్ ఆర్కైవ్స్ పెట్టిన అంతర్యుద్ధ సైనికుల కార్డులు ఉచితంగా చూడవచ్చు. నేషనల్ పార్క్ సర్వీస్ డేటాబేస్ కూడా ఉచితమే, అందులో పేరు, రెజిమెంటు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. సేవా రికార్డులో పుట్టిన చోటు దగ్గర అదృష్టం బాగుంటే కౌంటీ పేరు ఉంటుంది, లేకపోతే మళ్లీ "ఐర్లండ్". వృత్తి, ఎత్తు, జుట్టు రంగు ఉంటాయి. మీ పిల్లలకి ఇది చాలా నచ్చుతుంది.

కానీ ఒకటి మనసులో పెట్టుకోండి. ఆ రికార్డులో "డిజర్టెడ్" అని రాసి ఉండవచ్చు. పారిపోయాడని. ఆసుపత్రిలో పడి ఉన్నవాణ్ని, శత్రువుకి చిక్కినవాణ్ని కూడా కాగితం మీద అలా రాసేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ ముద్ర తీయించుకోవడానికి తర్వాత చట్టాలు కూడా వచ్చాయి. నిజంగా పారిపోయినవాళ్లూ ఉన్నారు. భార్యకి ఆరు నెలలుగా జీతం డబ్బు అందకపోతే ఇంటి దారి పట్టినవాళ్లు ఉన్నారు. ఇంకొకరి బదులుగా డబ్బు తీసుకుని చేరినవాళ్లు ఉన్నారు. 1863 చట్టం ప్రకారం డబ్బున్నవాడు 300 డాలర్లు కట్టి తప్పుకోవచ్చు, లేదా బదులు మనిషిని పంపవచ్చు. ఆ కోపమే 1863 జులైలో న్యూయార్క్ అల్లర్లయింది, అందులో ఐరిష్‌వాళ్లు నల్లజాతివారి మీద చేసిన ఘోరాలూ ఉన్నాయి. ఫైలు వచ్చిన రోజే అత్తగారి ముందు విప్పకండి. మీరు, మీవారు ముందు చదవండి. తర్వాత ఆవిడకి దాచకుండా చెప్పండి. 84 ఏళ్ల మనిషి మనం అనుకున్నంత సులువుగా బెదిరిపోదు.

మనవాళ్లకి ఆసక్తి కలిగే చిన్న సంగతి ఒకటి. అమెరికా సైన్యంలో చేరిన ఐరిష్‌వాళ్లలో కొందరు అంతకుముందు బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ నడిపిన యూరోపియన్ రెజిమెంటే చేతులు మారి, పేర్లు మారి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ అనే ఐరిష్ రెజిమెంటులో కలిసింది. మీ అత్తగారి ముత్తాత అన్నో తమ్ముడో మన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉండేవాడని తేలినా నేను ఆశ్చర్యపోను. మీ ఫైలులో "పాత సైనికుడు" అన్న ప్రస్తావన కనిపిస్తే లండన్‌లో క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డిశ్చార్జి కాగితాలు చూడాలి. వాటిలో పుట్టిన పారిష్ రాసే అలవాటు ఉండేది.

పారిష్ దొరికాకే ఐర్లండ్. అక్కడ పని అనుకున్నదానికంటే తక్కువ, అనుకున్నదానికంటే కష్టం. 1821 నుంచి 1851 దాకా సెన్సస్ కాగితాల్లో చాలా భాగం 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో పోయాయి. అందరికీ వర్తించే జనన, మరణ నమోదు 1864లో గానీ మొదలు కాలేదు, మీ ముత్తాతగారు అప్పటికే వచ్చేశారు. మిగిలింది కాథలిక్ పారిష్ రిజిస్టర్లు. 1880 దాకా ఉన్నవాటి ఫొటోలు నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ సైట్‌లో ఉచితం. చేతిరాత అధ్వానం, చాలాచోట్ల లాటిన్. జేమ్స్ అక్కడ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. పడమటి పారిష్‌లలో రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి కాబట్టి 1835లో పుట్టిన మనిషికి పేజీయే లేకపోవచ్చు. అప్పుడు గ్రిఫిత్ వాల్యుయేషన్ మిగులుతుంది. 1847–1864 మధ్య పన్ను కోసం ఇంటి పెద్దల పేర్లు, భూమి, ఇల్లు రాసుకున్న లెక్క. అదీ ఉచితమే. ఆ పేరుతో అదే ఊళ్లో ఉండిపోయిన తండ్రో అన్నో కనిపిస్తే, మ్యాపులో ఆ ఇంటి స్థలం దాకా వెళ్లొచ్చు.

ఇక్కడ తాతగారి అన్నదమ్ముల పేర్లు కూడా పనికొస్తాయి. ఐరిష్ కుటుంబాల్లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారం ఉండేది. అందరూ పాటించలేదు. అయినా రిజిస్టరులో ఇద్దరు మైకేళ్లు పోటీ పడుతుంటే, తండ్రి పేరు ఎవరికి సరిపోతుందో చూసి మొగ్గు చూపడానికి చాలు. స్క్రాంటన్ కాథలిక్ శ్మశానాల్లో ఆ తరం సమాధిరాళ్లు కూడా ఒకసారి నడిచి చూడండి. ఫలానా కౌంటీ, ఫలానా పారిష్ మనిషి అని రాతి మీద చెక్కించుకునే అలవాటు వాళ్లకి ఉంది. నెట్‌లో ఎంత వెతికినా దొరకని మాట అక్కడ ఉండొచ్చు.

డీఎన్‌ఏ గురించి. అది ఊరి పేరు చెప్పదు, చుట్టాల జాబితా చెబుతుంది. చేయిస్తే అత్తగారికే చేయించండి. ముత్తాత డీఎన్‌ఏలో సగటున ఎనిమిదో వంతు ఆవిడలో ఉంటుంది, మీవారి దగ్గరికి వచ్చేసరికి పదహారో వంతు, మీ పిల్లల్లో ముప్ఫై రెండో వంతు. ఆవిడ ఇష్టపడితేనే సుమా. ఫలితాల్లో ఎవరూ ఊహించని చుట్టాలు కూడా బయటపడతారని ముందే చెప్పండి. ఐర్లండ్‌లో ఉన్న దూరపు చుట్టం ఎవరైనా కలిస్తే వాళ్ల ఊరు, మీ ఫైలులోని సాక్షుల ఊరు ఒకటవుతాయేమో చూడాలి. ఒంటరిగా దాని విలువ తక్కువ.

ఏజెన్సీకి ఇప్పుడు డబ్బు కట్టకండి. మీరు ఊరికే చేసుకోగల మొదటి మెట్లకే వాళ్లు ఎక్కువ గంటలు లెక్కేస్తారు. ఇంటిపేరుకి వంశ చిహ్నం ముద్రించి అమ్మేవాళ్ల జోలికి అసలు వెళ్లవద్దు. వేరేవాళ్లు నెట్‌లో పెట్టిన వంశవృక్షాల్ని కూడా ఆధారంగా తీసుకోకండి, ఒకరి తప్పు యాభై మంది కాపీ కొట్టినవి చాలా ఉంటాయి. పారిష్ తెలిశాక ఆ కౌంటీ పరిశోధకుడికి ఒక పరిమితమైన ప్రశ్న ఇచ్చి డబ్బు కడితే మాత్రం గిట్టుబాటే. ఐర్లండ్‌లో గుర్తింపు ఉన్న పరిశోధకుల సంఘం ఉంది, అక్రెడిటెడ్ జీనియాలజిస్ట్స్ ఐర్లండ్ అని. అక్కడి జాబితాలోంచి ఎంచుకోండి.

ఈ వేసవికి ఫైలు రాకపోతే అత్తగారిని గెటిస్‌బర్గ్ తీసుకెళ్లండి, మీకు కారులో మూడు గంటల లోపే. అక్కడ పెన్సిల్వేనియా స్మారకం గోడల మీద ఆ యుద్ధంలో ఉన్న రాష్ట్ర సైనికుల పేర్లు రెజిమెంటు, కంపెనీ వారీగా కంచు పలకల మీద ఉన్నాయి, 34 వేల పైచిలుకు. అయితే ఊరికే వెళితే పేరు వెతకలేరు. రెజిమెంటు నంబరు, కంపెనీ అక్షరం తెలిసి ఉండాలి. అంటే 1890 జాబితా, పింఛను కార్డు ఆ లోపు అయిపోవాలి. ఆ రెండూ దొరికాక కార్డు ఫొటో, బ్యాడ్జి వెనక వైపు ఫొటో నాకు పంపండి. 1880 సెన్సస్‌లో ఆ ఇంటి పెద్ద ఎవరని రాసి ఉందో కూడా రాయండి.